పెద్దక్క కుర్చీ ఎత్తు

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకి పెద్దలు చెప్పే నీతులు నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. ఓపిక పట్టు అంటారు. మన ఓపిక మీద బతికేది వాళ్ళే. పెద్దల్ని గౌరవించు అంటారు. ఆ మాట పెద్దల నోట తప్ప ఇంకెవరి నోటైనా విన్నారా? మా నాన్న మూఢనమ్మకాల మీద వాదసభలు నడిపేవాడు. ప్రతిపక్షం తరఫున మాట్లాడేవాళ్ళు దొరకనప్పుడు నన్ను బల్లెక్కించి, "దేవుడు ఉన్నాడని వాదించవే, చూద్దాం" అనేవాడు. వాదించేదాన్ని. ఓడిపోయేదాన్ని. ఓడిపోవడం కూడా ఒక చదువే. ఒక ప్రతిపాదన, ఒక ఖండన, చివర గంట. అలా తేలిందే నిజమని నమ్మి పెరిగాను. ఆ నమ్మకంతోనే అమెరికా వచ్చాను, జీతాలు తీసుకున్నాను, జుట్టు నెరిసింది.

కాబట్టి ఈ వ్యాసంలో నీతి కోసం వెతక్కండి. నేను రిటైరయ్యే ముందు చేసిన ఆఖరి పని గురించి చెబుతాను. పని పూర్తయింది. మేం పెట్టించిన కాలేజీ నడుస్తోంది. కానీ ఆ పనిలో అసలేం జరిగిందో నాకు ఈరోజుకీ తేలలేదు. గంట మోగింది, ఎవరు గెలిచారో తెలియలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వాదనకి నేను సిద్ధం.

మా ఆఫీసు శాంటా క్లారాలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఉండేది. కాలేజీ పెట్టాలనుకునేవాళ్ళకి పాఠ్యప్రణాళిక రాసివ్వడం, ఎంతమంది టీచర్లు కావాలో, ప్రయోగశాలలో ఏం ఉండాలో చెప్పడం, ప్రభుత్వ అనుమతికి పంపే దరఖాస్తు తయారుచేయడం మా వృత్తి. అంతకుముందు ఒక కమ్యూనిటీ కాలేజీలో చాలా ఏళ్ళు అదే పని చేశాను కనుక నన్ను సీనియర్ అని కూర్చోబెట్టారు. నాతో పనిచేసేవాడు కరీంనగర్ నుంచి వచ్చినతను. నాకంటే బాగా చిన్నవాడు. హెచ్-వన్-బి వీసా మీద ఉన్నాడు కనుక బాస్ ముందు గట్టిగా తుమ్మడు కూడా. నా ముందు మాత్రం నోరు ఊరుకోదు. నన్ను అక్కా అనేవాడు.

మా దగ్గరికి వచ్చింది ఒక ఫిలిప్పీనో కుటుంబం. వాళ్ళది అక్కడి మధ్య దీవుల్లో ఒక చిన్న పట్టణం. ఆ ఊరి ఆడపిల్లలు నర్సింగ్ చదవాలంటే పడవెక్కి వేరే దీవికి పోవాలి. తుఫాను వస్తే పడవ ఉండదు, పరీక్షా ఉండదు. తమ తండ్రి స్థలంలో ఒక నర్సింగ్ కాలేజీ కడదామని వీళ్ళ కోరిక. కుటుంబమంటే ముగ్గురు. పెద్దక్క, తమ్ముడు, చెల్లెలు. తండ్రి పోయినప్పుడు పెద్దక్క నర్సింగ్ చదువు మధ్యలో వదిలేసి అమెరికా వచ్చింది. పరాయి ఇళ్ళల్లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, అన్నాలు తినిపించి, తమ్ముణ్ణీ చెల్లెల్నీ చదివించింది. తమ్ముడు ఆసుపత్రిలో ఊపిరి యంత్రాలు చూసే టెక్నీషియన్ అయ్యాడు. చెల్లెలు నర్సింగ్‌లో డాక్టరేట్ చేసి పాఠాలు చెబుతోంది. పెద్దక్కకి ఇప్పుడు హేవర్డ్‌లో సొంతంగా ఒక కేర్ హోమ్ ఉంది. మామూలు ఇల్లే. అందులో ఆరుగురు ముసలివాళ్ళు ఉంటారు. కాలేజీ బోర్డు సమావేశాలన్నీ ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గరే జరిగేవి.

మొదటిరోజు మేం వెళ్ళేసరికి బల్ల నిండా గిన్నెలు. కాగితాలు పెట్టుకోవడానికి చోటు లేదు. పెద్దక్క పొట్టి మనిషి. నా భుజం దాకా కూడా రాదు. చెల్లెలు మాత్రం పొడగరి. గిన్నె మూత తీస్తూ, "మామ్, మీరు ఇండియన్. వెజిటేరియన్ కదా. మీకు విడిగా టోఫూ చేశాను," అంది.

"కాదండీ. నేను అన్నీ తింటాను. పంది కూడా తింటాను. ఆహారం మీద మతం పెత్తనం నేను ఒప్పుకోను," అన్నాను.

"అవును మామ్," అని నా పళ్ళెంలో సోయాతో చేసిన ఆ టోఫూ ముక్కలు పెట్టింది.

పక్కన మా కరీంనగర్ అతనికి మాత్రం పంది మాంసం పెద్ద గరిటెతో పడింది. అతను శనివారాలు మాంసం తినడు. ఆ రోజు శనివారం. కిక్కురుమనకుండా తినేశాడు.

ఆ కేర్ హోమ్‌లో ఒక తెల్లావిడ ఉండేది. తొంభై దాటాయి. ఒకప్పుడు పియానో నేర్పేదట. ఏ రోజో ఏ పూటో గుర్తుండదు గానీ, బల్ల దగ్గర నలుగురు కూర్చుంటే తానూ వచ్చి కూర్చునేది. మా ప్రతి సమావేశానికీ ఆవిడ హాజరు. మా బోర్డులో సూటిగా మాట్లాడే సభ్యురాలు ఆవిడొక్కతే అని నాకు తర్వాత అర్థమైంది.

ఆ రోజు మూడు విషయాలు తేల్చాను. మొదటి ఏడాది ఒక్క తరగతే పెట్టాలి. ప్రయోగశాల కింది అంతస్తులో ఉండాలి. మూడోది పునాది. అక్కడి మేస్త్రీలు పునాది గోతిలో కోడి రక్తం పోస్తారట. పోయకపోతే కట్టడం మనిషిని మింగుతుందని నమ్మకం. నాకు ఒళ్ళు మండింది. "సూక్ష్మక్రిముల గురించి పాఠం చెప్పబోయే ఇంటికి కోడి రక్తంతో పునాదా? మీ మొదటి పాఠమే అబద్ధం అవుతుంది," అని చాలాసేపు మాట్లాడాను. బాగా మాట్లాడాను. నాన్న వింటే గంట కొట్టి ఉండేవాడు.

ముగ్గురూ తలలూపారు. "అవును మామ్. కోడి వద్దు మామ్."

తిరుగు ప్రయాణంలో కారు నడుపుతూ నేను, "చూశావా, హేతువుతో చెబితే ఎవరైనా వింటారు," అన్నాను.

"అక్కా, మీరు శాన్ రామన్‌ల ఉంటరు కదా," అన్నాడు మావాడు. "మీ పక్కింటాయన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్. దానంతటదే నడిచే కారు కొన్నడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిండని మీరే చెప్పిన్రు. ఆయనకి గిట్లనే క్లాసు పీకిన్రా?"

"పీకాను."

"ఏమన్నడు?"

"అవును ఆంటీ అన్నాడు."

"మల్ల?"

"మళ్ళీ ఏముంది. నిమ్మకాయలు అయ్యాక కొబ్బరికాయ కొట్టాడు."

మావాడు అద్దంలోంచి బయటికి చూస్తూ చాలాసేపు నవ్వాడు.

రెండు వారాల తర్వాత వెళితే ప్లానులో మొదటి ఏడాదికి రెండు తరగతులున్నాయి. ప్రయోగశాల పై అంతస్తుకి ఎక్కింది. పునాది ఫొటోల్లో గోతి పక్కన ఈకలు కనిపించాయి.

"ఇవేమిటి?" అన్నాను.

"మేస్త్రీల మధ్యాహ్న భోజనం మామ్," అన్నాడు తమ్ముడు, కళ్ళు ఆర్పకుండా.

"ప్రయోగశాల ఎవరు మార్చారు?"

"ఎవరూ మార్చలేదు మామ్."

"మారింది కదా! ఎవరో ఒకరు ప్రతిపాదించి ఉండాలి. మిగతావాళ్ళు ఒప్పుకుని ఉండాలి. ఎప్పుడు? ఎక్కడ?"

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టున్నారు. "ఆదివారం అందరం ఇక్కడే ఉన్నాం," అంది చెల్లెలు. "వంట చేస్తున్నాం. అప్పుడు అలా అనిపించింది."

"ఎవరికి?"

"అందరికీ మామ్."

నేను అలాంటి సభ ఎన్నడూ చూడలేదు. అక్కడ ఎదుటి పక్షం లేదు. నా మాటని ఎవరూ ఖండించరు. నేను అరిచే కొద్దీ ఇంకా మర్యాదగా ఒప్పుకుంటారు. వాళ్ళు ఒప్పుకున్నది ఒక్కటీ జరగదు. అలాగని మోసమా అంటే కాదు. వర్షాకాలంలో ఆ ఊళ్ళో కింది అంతస్తులోకి నీళ్ళొస్తాయట. ప్రయోగశాల పైన ఉండడమే సరైనది. మరి ఆ మాట నా ముఖం మీద చెప్పొచ్చు కదా?

"చెప్తే మీరు తప్పన్నట్టు అయితది కదక్కా," అన్నాడు మావాడు.

"తప్పే కదా!"

"గందుకే చెప్పలే." అతను లాప్‌టాప్ మూశాడు. "అక్కా, పొద్దున స్టాండప్ మీటింగ్‌ల బాస్ నన్ను అడుగుతడు, ఫ్రైడే లోపల ఫినిష్ చేస్తవా అని. నేనేమంట? యెస్ అంట. ఫ్రైడేకి గాదని నాకు ఎరుకే. ఆయనకి గూడ ఎరుకే. నేను నో అంటే ఇద్దరికీ ఇబ్బంది. గీ ఇంట్ల నాకు మస్తు ఈజీగ ఉంది. మీకే గాభరా."

అతను చెప్పింది బానిసత్వం అన్నాను. వీసా అనే గొలుసుకి అలవాటుపడిన మెడ అలాగే వంగుతుందన్నాను. "అవునక్కా," అన్నాడు. ఆ 'అవునక్కా' వినగానే మావాడు కూడా వాళ్ళ పక్షమే అని తెలిసిపోయింది.

ఇక కుర్చీ సంగతి. మూడో సమావేశమో నాలుగోదో, మేం వెళ్ళేసరికి పెద్దక్క కూర్చుని ఉంది. తమ్ముడు ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, కుట్టుపని టేపుతో మోకాలి నుంచి మడమ దాకా కొలుస్తున్నాడు. చెల్లెలు ఆ కొలతని ఫోన్‌లో ఊళ్ళోని వడ్రంగికి చెబుతోంది. కాలేజీ ప్రెసిడెంట్ గదిలో వేసే కుర్చీ అది. గట్టి ఎర్ర కలపతో, వీపు ఆనే చోట చెక్కుడు పనితో.

"నవ్వకండి మామ్," అంది పెద్దక్క, తానే నవ్వుతూ. "నేను అమెరికాలో ఎన్ని ఇళ్ళల్లో పనిచేశానో. ఏ ఇంట్లోనూ ఏ కుర్చీలోనూ నా కాళ్ళు నేలకి అందలేదు. ఆరు అడుగుల మనుషుల కుర్చీలు. రోజంతా నిలబడి, ఒక్క క్షణం కూర్చుంటే కాళ్ళు చిన్నపిల్లకి లాగా ఊగుతాయి. అందుకని దీన్ని నా కొలతకి చేయిస్తున్నాను."

పియానో ఆవిడ ఆ టేపు చూసి, "పెళ్ళి గౌనా?" అని అడిగింది.

"అవునమ్మా," అంది పెద్దక్క.

నాకు ఆ కుటుంబం మీద ఉన్న చిరాకంతా ఆ పూటకి పోయింది. ఇంటి పెద్ద కూతురు ఇంటిల్లిపాదినీ మోసి, చివరికి తన పాదాలకి సరిపడే కుర్చీ ఒకటి చేయించుకుంటోంది. ఏ సంస్కరణవాదికైనా ఇంతకంటే ఏం కావాలి?

అప్పుడు దరఖాస్తులో కాలేజీ అధిపతి పేరు రాసే గడి దగ్గరికి వచ్చాం. అక్కడి ప్రభుత్వ నిబంధనల ప్రకారం కాలేజీకి అధిపతిగా ఉండేవాళ్ళకి డిగ్రీ ఉండాలి. ఒకటి చాలదు, పై చదువు కూడా ఉండాలి. పెద్దక్కకి మొదటిదే లేదు. పేరు లేకుండా దరఖాస్తు పంపలేం. ఆవిడ పేరుతో పంపితే తిరిగొస్తుంది. గడువు దాటితే ఒక ఏడాది పోతుంది. ఆ ఊరి పిల్లలు మరో ఏడాది పడవ ఎక్కుతారు. డాక్టరేట్ ఉన్న చెల్లెలు ఎదురుగానే ఉంది. ఇంతకంటే తేలికైన లెక్క లేదు. కానీ ఆ గడి అలాగే ఖాళీగా ఉంది. ప్రతి సమావేశంలో మావాడు దాన్ని ఆఖరి అంశంగా పెట్టేవాడు. ఆఖరి అంశం వచ్చేలోపు భోజనం వచ్చేది.

"మామ్, ఒక్క నిమిషం," అని ఒకరోజు తమ్ముడు నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. వీల్‌చైర్ల మధ్య నిలబడి, గొంతు తగ్గించి, "అధిపతి నిబంధన ఉంది కదా. అది అక్కకి మీరు కాస్త వివరిస్తారా?" అన్నాడు.

"మీ అక్కకి తెలియదా?"

"తెలుసేమో మామ్."

"తెలిస్తే వివరించడం దేనికి? తెలియకపోతే మీరే చెప్పొచ్చు కదా?"

"నేనా?" అతను నిజంగా భయపడ్డాడు. "నా మొదటి బూట్లు కొన్నది ఆమె."

అదే రోజు సాయంత్రం చెల్లెలు తన కారులో కూర్చోబెట్టి అదే మాట అడిగింది. "అక్క మీ మాట వింటుంది మామ్. మెల్లగా, వంటింట్లో, మీరిద్దరే ఉన్నప్పుడు..."

"ప్రెసిడెంట్‌గా ఉండడం మీకు ఇష్టమేనా?" అని సూటిగా అడిగాను.

ఆమె స్టీరింగ్ మీద వేలితో గీతలు గీసింది. "కాలేజీ తెరవడం నాకు ఇష్టం," అంది చివరికి.

నాకు ఆ రాత్రి కోపంతో అన్నం సయించలేదు. చదువుకున్నవాళ్ళు. ఒకరు ఊపిరి కొలిచేవాడు, ఒకరు డాక్టరేట్. గరాజ్‌లో గుసగుసలు, కారులో గుసగుసలు! నిజాన్ని వంటింటి మూల చెవిలో ఊదాలట. గుసగుసతో చెప్పిన ప్రతి నిజం సగం అబద్ధమని మా నాన్న అనేవాడు. ఆ పెద్దక్కకి మీరిచ్చే గౌరవం ఇదా? ఆవిడ గాజుబొమ్మా? నేను ఆవిణ్ణి మనిషిగా గౌరవిస్తాను కనుక మనుషుల మధ్యే చెబుతాను అనుకున్నాను.

"అక్కా, వాళ్ళు వంటింట్ల చెప్పుమన్నరు," అన్నాడు మావాడు.

"బల్ల దగ్గరే చెబుతాను."

"మీ ఇష్టం. నేను మాత్రం గా టైంల బాత్రూంల ఉంట."

అన్నట్టే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం గిన్నెల మూతలు ఇంకా తీయలేదు. నేను లేచి నిలబడ్డాను. అదొక అలవాటు. కూర్చుని నిజం చెప్పడం నాకు చేతకాదు. "ఇవాళ ఆఖరి అంశం ముందు మాట్లాడదాం," అన్నాను. నిబంధన చదివాను. "దీని ప్రకారం పెద్దక్కగారు ప్రెసిడెంట్‌గా ఉండడానికి వీల్లేదు. ఇది మీ ముగ్గురికీ తెలుసు. మీరు ఒకరికొకరు చెప్పుకోలేక నన్ను గరాజ్‌లోకీ కారులోకీ పిలుస్తున్నారు. ఆవిడ చేసిన త్యాగం నిబంధనకి తెలియదు, అది నిబంధన తప్పు కావచ్చు. కానీ ఆవిడ పేరు రాస్తే కాలేజీ రాదు. చెల్లెలి పేరు రాయాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే, ఇక్కడే చెప్పండి."

 తమ్ముడు బల్ల గుడ్డ అంచు మడత పెడుతూ కూర్చున్నాడు. చెల్లెలి మెడ దాకా ఎరుపెక్కింది. పెద్దక్క మాత్రం నన్నే చూస్తోంది. ముఖంలో నవ్వు అలాగే ఉంది. కానీ అది ముఖం మీద ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా ఉంది.

పియానో ఆవిడ అందర్నీ ఒకసారి కలయజూసి, "ఎవరు పోయారు?" అని అడిగింది.

"ఎవరూ పోలేదమ్మా," అంది పెద్దక్క. తర్వాత నాతో, "అవును మామ్. సహజమే కదా. చెల్లెలి పేరు రాయండి. ముందు భోంచేయండి," అంది.

తమ్ముడు ఏదో ఒకటి అనాలని, "అక్క ఇప్పుడు ఆన్‌లైన్‌లో డిగ్రీ పూర్తిచేయొచ్చు. తర్వాత తనే ప్రెసిడెంట్ అవుతుంది," అన్నాడు.

"అవును, చేస్తాను," అంది పెద్దక్క. అప్పటికి నాకు కూడా ఆ ఇంటి భాష కొంత వచ్చింది. ఆవిడ చేయదని నాకు తెలిసింది. తమ్ముడికీ తెలిసింది. అందరం తలలూపాం.

నాకు టోఫూ పెట్టి ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. అన్నం అడుగంటిన గిన్నెని తోముతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ ఇంట్లో గిన్నెలు తోమే మిషన్ ఉంది.

నా కారు ఆ రోజు సర్వీసింగ్‌లో ఉంది. మావాడు వేరే పని మీద అటునుంచి అటే వెళ్ళాడు. రైలు స్టేషన్ దాకా దించుతానని పెద్దక్కే బయల్దేరింది. సీటు మీద రెండు దిళ్ళు వేసుకుని డ్రైవ్ చేస్తుంది. 

"నా మీద కోపం వచ్చిందా?" అన్నాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

"కోపమెందుకు మామ్? నాకు ముందే తెలుసు," అంది. "నేనే ముందు తప్పుకుంటానంటే వాళ్ళు, వద్దక్కా నువ్వే ఉండాలి అంటారు. ఒకసారి అలా అన్నాక వెనక్కి తీసుకోలేరు. నా తరఫున ఏడుస్తూ వాదిస్తారు, ఏడాది గడిచిపోతుంది. వాళ్ళే ముందు అంటే బతికినన్నాళ్ళూ సిగ్గుపడతారు. బయటి మనిషి కావాలి. మిమ్మల్ని ఎందుకు తీసుకున్నాననుకున్నారు? ఫోన్‌లో మీ గొంతు వినగానే అనుకున్నాను, ఈవిడ నోటికి తలుపు లేదు, పనికొస్తుంది అని."

"మరి కుర్చీ?"

"కుర్చీనా?" సిగ్నల్ దగ్గర ఆగి, ఎర్ర దీపం వైపు చూస్తూ అంది. "ఎప్పుడో చెప్పాను వడ్రంగికి. కాళ్ళు పొడవు చెయ్యమని. చెల్లెలి కొలతకి."

నా గుండె తేలికపడింది. అబద్ధం ఎందుకు, గర్వం కూడా కలిగింది. చూశారా, నిజం ఎవర్నీ చంపదు అనుకున్నాను. వాళ్ళు నన్ను ఒక పనిముట్టుగా వాడుకున్నారన్న సంగతి రైలెక్కాక తట్టింది. ఎవరి భయానికీ లొంగనని జీవితమంతా చెప్పుకున్న నోరు. దాన్ని వాళ్ళు తాము అనలేని మాటకి అద్దెకు తెచ్చుకున్నారన్నమాట. అది అవమానమో గౌరవమో స్టేషన్లు దాటిపోతున్నా తేలలేదు.

మావాడికి చెబితే, "నమ్మిన్రా?" అన్నాడు.

"ఎందుకు నమ్మకూడదు?"

"తమ్ముడు నాకు ఫోన్ చేసిండు. మిమ్మల్ని తెచ్చింది తనేనట, గీ మాట చెప్పించనీకే. కానీ మెల్లగ చెప్తరనుకున్నడట. చెల్లెని అడిగితే, ఎవరూ ఎంచుకోలేదు, మిగిలిన ఆఫీసులు ఫోన్ ఎత్తలే, మీరు ఎత్తిన్రు, అంతే అన్నది."

మూడు వాంగ్మూలాలు, మూడు దారులు. ఏ సభలోనైనా ముగ్గుర్నీ నిలబెట్టి అడిగేదాన్ని. కానీ ఎవర్ని అడిగినా 'అవును మామ్' అంటారని అప్పటికి నాకు తెలుసు.

దరఖాస్తు వెళ్ళింది. అనుమతి వచ్చింది. కాలేజీ తెరిచే రోజుకి పెద్దక్క విమానం టికెట్ కూడా కొనుక్కుంది. చివరి వారంలో, కేర్ హోమ్‌లో ఒక పెద్దాయనకి ఒంట్లో బాగాలేదని ఆగిపోయింది. ఆయనకి జలుబు. నేను చూశాను. నేను ఏమీ అనలేదు. మావాణ్ణీ నన్నూ ఆవిడ ఇంటికి పిలిచింది. వాళ్ళకి పొద్దున, మనకి ముందురోజు సాయంత్రం. గోడ మీది పెద్ద టీవీలో వీడియో కాల్ పెట్టారు. బల్ల మీద గిన్నెలు. పియానో ఆవిడ తలకి రిబ్బను కట్టుకుని వచ్చి కూర్చుంది.

తెర మీద చర్చి ఫాదరు దీవించిన నీళ్ళు చల్లాడు. "నర్సింగ్ కాలేజీలో చేతులు కడుక్కునే నీళ్ళు సరిపోవా?" అని నేను గొణిగాను. తమ్ముడు ఫోన్ పట్టుకుని గదులన్నీ చూపించాడు. పై అంతస్తులో ప్రయోగశాల. తెల్ల యూనిఫాంలలో మొదటి తరగతి పిల్లలు. వాళ్ళని చూడగానే నా కళ్ళు చెమ్మగిల్లాయి. దానికి నేను ఏ సిద్ధాంతమూ వెతకలేదు. తర్వాత ప్రెసిడెంట్ గది. చెల్లెలు తెల్లబట్టల్లో వచ్చి, ఆ ఎర్ర కలప కుర్చీలో కూర్చుంది.

కూర్చుంటూనే ఆమె మోకాళ్ళు పైకి లేచాయి.

ఆ కుర్చీ పొట్టిది. పొడుగాటి మనిషి బాలబడి పిల్లల బెంచీ మీద కూర్చున్నట్టుంది. ఆమె కాళ్ళు పక్కకి మడుచుకుంది, మళ్ళీ ఇటు మడుచుకుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. కెమెరా కోణమేమో అని నేను మెడ వంచి చూశాను. మావాడు కూడా వంచాడు.

"కుర్చీ ఎలా ఉంది?" అని పెద్దక్క గట్టిగా అడిగింది.

"సరిగ్గా సరిపోయింది అక్కా," అంది చెల్లెలు తెర మీదనుంచి. "చాలా సుఖంగా ఉంది."

"అవునక్కా, బాగా కుదిరింది," అన్నాడు కనబడని తమ్ముడు.

"ఆ అమ్మాయికి ఆ కుర్చీ చాలా పొట్టి," అంది పియానో ఆవిడ స్పష్టంగా.

"అవునమ్మా, అవును," అని పెద్దక్క ఆవిడ మెడ కింద రుమాలు సర్దింది. తర్వాత నావైపు తిరిగింది. "మామ్, మీరు చెప్పండి. మీరైతే ఉన్నదున్నట్టు చెబుతారు. ఎత్తు సరిపోయిందా?"

నాకు చెప్పవలసింది చాలా ఉంది. కాళ్ళు పొడవు చెయ్యమని ఎప్పుడో చెప్పానన్నారే, ఎప్పుడు చెప్పారు? అసలు చెప్పారా? నా నోటికి తలుపు లేదని నన్ను తెచ్చుకున్నానన్నది కూడా, సిగ్నల్ దగ్గర నా ముఖం చూసి నాకోసం అప్పటికప్పుడు అల్లిందేనా? లేక వడ్రంగి వినలేదా? లేక చెల్లెలే ఆ కాళ్ళు పొడిగించనివ్వలేదా, అక్క ఏనాటికైనా వచ్చి కూర్చుంటుందని? ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది. నేను లేవడానికి బల్ల మీద చేయి ఆనించాను కూడా. అప్పుడు కనబడింది. పెద్దక్క తన కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పులు జారి కింద పడ్డాయి. పాదాలు నేలకి జానెడు ఎత్తున ఊగుతున్నాయి.

నేను లేవలేదు.

"సరిపోయింది," అన్నాను. "కొలిచి చేసినట్టుంది."

మావాడు దగ్గి, నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. పెద్దక్క కొంతసేపు నన్నే చూసింది. ఆ చూపుకి నేను ఎన్ని అర్థాలు చెప్పుకున్నానో, అన్నిటికీ ఖండనలు నా దగ్గరే ఉన్నాయి. నేను ఆ రోజు అబద్ధం చెప్పానా, లేక ఆ ఇంటి భాషలో మొదటిసారి నిజం చెప్పానా? నాన్న ఉంటే గంట ఏ వైపు కొట్టేవాడు? తెలియదు. తెలియదని ఒప్పుకోవడం హేతువాదానికి మొదటి మెట్టు అని మీకు ఎవరైనా చెబితే, ఆ మెట్టు మీద రోజంతా నిలబడితే కాళ్ళు ఎంత నొప్పెడతాయో వాళ్ళని అడగండి.

పెద్దక్క లేచింది. టోఫూ గిన్నె పక్కకి జరిపింది. ఇంకో గిన్నె మూత తీసి, పెద్ద గరిటెతో పంది మాంసం నా పళ్ళెంలో పెట్టింది.

"తినండి మామ్," అంది.